సమన్లు అందాక వాయిదా లోపల ప్లీడరును చూసుకోవడం ఎలా

నేను తెనాలి కోర్టులో ప్లీడరు గుమాస్తాను. కేసులు ఫైల్ చేయడం, వాయిదాలు డైరీలో రాసుకోవడం, నకళ్లకు దరఖాస్తు పెట్టడం, కేసు పిలుపుకు వచ్చే వేళకు మా ప్లీడరు గారు ఏ కోర్టు హాల్లో ఉన్నా వెళ్లి చెప్పడం నా పనులు. నేను లాయరును కాను కాబట్టి ఎవరి కేసులో ఏం వాదించాలో చెప్పను. ఆ కేసు చెప్పాల్సిన మనిషిని ఎలా వెతుక్కోవాలో మాత్రం చెప్పగలను.

సమన్లు పట్టుకుని వచ్చేవాళ్లను రోజూ చూస్తాను. చాలామంది సరిగ్గా వాయిదా రోజు పొద్దున, కోర్టు మొదలవడానికి కాస్త ముందు వస్తారు. కాగితం అంది వారాలు గడిచి ఉంటాయి. ఇంట్లో అందరూ దాన్ని చూసి భయపడి, దేవుడి పటం దగ్గరో బీరువాలోనో పెట్టేసి ఉంటారు. అప్పటికప్పుడు దొరికిన ప్లీడరుకు ఫైలు చదివే టైమ్ ఉండదు. కాగితం అందిన రోజుకూ వాయిదాకూ మధ్య ఉన్న రోజులను వదులుకోకండి. ఏం చేసినా అప్పుడే చేయాలి.

కాగితం మీద ఏముందో చూడండి

ముందు కాగితం అందిన తేదీని దాని మీదే ఓ మూల పెన్నుతో రాసుకోండి. సివిల్ దావాలో ఇది చాలా ముఖ్యం. జవాబు దావా, అంటే అవతలివాళ్ల దావాకు మీరిచ్చే రాతపూర్వక జవాబు, వేయడానికి చట్టం ఇచ్చిన గడువు సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు. కారణం చూపిస్తే కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. వాయిదా తేదీ ఎక్కడో దూరంగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు, లెక్క ముందే మొదలై ఉంటుంది. బాకీ వసూలు కోసం వేసే, త్వరగా తేల్చే కొన్ని సమ్మరీ దావాల్లో అయితే కోర్టులో హాజరు నమోదు చేసుకోవడానికే 10 రోజుల గడువు ఉంటుంది.

తర్వాత కేసు నంబరు ముందున్న అక్షరాలు చూడండి. ఓ.ఎస్. అంటే సివిల్ దావా: ప్రామిసరీ నోటు బాకీ, స్థలం తగాదా, భాగపంపిణీ లాంటివి. సి.సి. అంటే క్రిమినల్ కేసు. ఎం.సి. మనోవర్తి కేసు, డి.వి.సి. గృహహింస చట్టం కింద వేసింది. ఇ.పి. అని ఉంటే మాత్రం ఆ రోజే కదలండి. ఇ.పి. అంటే డిక్రీ (సివిల్ దావాలో కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు) ముందే అయిపోయి, దాన్ని అమలు చేయమని అవతలివాళ్లు వచ్చారన్నమాట. మాకు తెలియకుండా డిక్రీ ఎలా అయిందని చాలామంది అడుగుతారు. ఎప్పుడో సమన్లు వచ్చినప్పుడు హాజరు కాకపోతే కోర్టు ఎక్స్‌పార్టే చేసి, అవతలివాళ్ల మాట మీదే తీర్పు ఇస్తుంది. దాన్ని రద్దు చేయమని కోరడానికి డిక్రీ తేదీ నుంచి 30 రోజుల గడువుంది. సమన్లు సరిగా అందనే లేదని చూపించగలిగితే మీకు విషయం తెలిసిన రోజు నుంచి లెక్కిస్తారు.

సమన్లతో పాటు దావా నకలు, దానికి జతచేసిన కాగితాలు వచ్చాయో లేదో చూడండి. రాకపోతే ప్లీడరుకు మొదట చెప్పాల్సింది అదే. పోలీసు కేసులో చార్జిషీటు నకలును ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. దాని కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు.

కాగితం నిజమైనదేనా అన్న అనుమానం వస్తే ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే ప్రభుత్వ యాప్ తీయండి. ప్రతి కేసుకూ సి.ఎన్.ఆర్. అని 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. అది లేకపోయినా కోర్టు పేరు, కేసు నంబరు, కక్షిదారు పేరు పెట్టి వెతకవచ్చు. వాయిదా ఎప్పుడు, దేని కోసం, అంతకుముందు ఏం జరిగింది అన్నీ కనిపిస్తాయి. వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, మీ మీద కేసుంది, డబ్బు పంపితే మాఫీ చేస్తామనేవాళ్లు మోసగాళ్లు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఏ కోర్టూ ఫోన్‌లో డబ్బు అడగదు.

డబ్బు లేదని ఆగిపోవద్దు

ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి దీని గురించి తెలియదు, తెలిసినవాళ్లు అడగడానికి సిగ్గుపడతారు.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబర్ 9 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొందరికి ప్రభుత్వ ఖర్చుతో ప్లీడరును ఇవ్వాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి గురైనవాళ్లు, వరదలు, కరువు, కుల దాడులు లాంటి వాటి బాధితులు, వీళ్లందరూ ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులే. ఈ జాబితాలో లేనివాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. మీరు వేసిన కేసుకే కాదు, మీ మీద వేసిన కేసుకూ ఈ సాయం దొరుకుతుంది. ప్లీడరు ఫీజే కాక కోర్టు ఫీజు, నకళ్లు, టైపింగ్ ఖర్చు కూడా ఇందులో వస్తాయి.

జాకెట్లు కుట్టుకుని బతికే ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. తమ్ముడు తీసుకున్న అప్పు నోటు మీద ఆవిడా సంతకం పెట్టింది. తమ్ముడు ఊళ్లో లేడు, దావా ఇద్దరి మీదా పడింది. "గుమాస్తా గారూ, ఫీజు ఎంతవుతుందో చెబితే గాజులు తాకట్టు పెట్టి తెస్తాను" అంది. మా ప్లీడరు గారు ఆవిడ కాగితాలన్నీ చూశారు. "అమ్మా, మీకు గాజులు పెట్టాల్సిన పని లేదు, ఆడవాళ్లకు ఉచితంగా ప్లీడరును ఇస్తారు" అని చెప్పి నన్ను తోడిచ్చి, అదే ఆవరణలో ఉన్న న్యాయ సేవాధికార కమిటీ ఆఫీసుకు పంపారు. జైల్లో ఉన్నవాళ్లకే ఉచిత ప్లీడరని ఆవిడ అనుకుంటోంది. దరఖాస్తు రాసి, ఆధార్ నకలు, సమన్ల నకలు జతచేసి ఇచ్చాం. కమిటీ జాబితాలోని ప్లీడరు (ప్యానెల్ ప్లీడరు అంటారు) గడువు లోపలే జవాబు దావా వేశారు. తర్వాత ఆ కేసు లోక్ అదాలత్‌లో వాయిదాల మీద కట్టేలా రాజీ అయింది. గాజులు ఆవిడ చేతికే ఉన్నాయి.

వెళ్లాల్సిన చోటు ఎక్కడో దూరంగా ఉండదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊళ్లలోని కోర్టు ఆవరణల్లో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, అక్కడి సీనియర్ జడ్జి దానికి అధ్యక్షులు. జిల్లా కేంద్రంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, అది దేశమంతటికీ ఉన్న ఉచిత నంబరు. దరఖాస్తు తెల్లకాగితం మీద రాసినా చాలు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడి సిబ్బందో, పారా లీగల్ వాలంటీరో రాసిపెడతారు. ఆదాయం గురించి మీరిచ్చే అఫిడవిట్టును, అనుమానించే కారణం లేకపోతే, చాలినదిగా తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది. సర్టిఫికెట్ రాలేదని దరఖాస్తు ఆపుకోకండి. మీ వాదనలో కొంతైనా పస ఉందా అని వాళ్లు చూస్తారు కాబట్టి విషయం దాచకుండా చెప్పండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు వాయిదా తేదీని పైనే పెద్ద అక్షరాలతో రాయండి.

క్రిమినల్ కేసులో ముద్దాయి అయితే ఇంకో ఏర్పాటు ఉంది. 2022 నుంచి జిల్లా కేంద్రాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి తెచ్చారు. అందులో పనిచేసే ప్లీడర్లు ముద్దాయిల కేసులే చూస్తారు, ప్రైవేటు కేసులు పట్టరు. ప్లీడరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ఆ హక్కు ఉందని మేజిస్ట్రేటే చెప్పాలని, ముద్దాయి అడగలేదన్నది సాకు కాదని సుప్రీంకోర్టు 1986లో సుఖ్ దాస్ కేసులో తేల్చింది. అలా చెప్పకుండా నడిపిన విచారణలో పడిన శిక్షను కొట్టేసింది కూడా.

ఉచితంగా వచ్చిన ప్లీడరు సరిగా చెప్పరని జనంలో ఒక మాట ఉంది. నేను చూసినంతలో అందరూ అలా ఉండరు. చాలా బాగా చెప్పేవాళ్లను ప్యానెల్లో చూశాను. ఎవరైనా పట్టించుకోకపోతే కమిటీకి కాగితం రాసి వేరే ప్లీడరును కోరవచ్చు. ఆ ప్లీడరు మీ దగ్గర ఫీజు పేరుతో ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి చెప్పండి.

ప్లీడరును పెట్టుకునే ముందు అసలు సంగతేమిటో కనుక్కోవాలన్నా దారి ఉంది. టెలీ-లా సేవలో మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటర్ నుంచి ప్యానెల్ లాయరుతో ఫోన్‌లోనో వీడియోలోనో ఉచితంగా మాట్లాడిస్తారు. అది సలహా వరకే, కోర్టులో నిలబడటానికి వేరే ప్లీడరు కావాలి.

ఫీజు ఇచ్చి పెట్టుకుంటే

ప్లీడర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. అందుకే మంచి ప్లీడరు పేరు గోడల మీద కనిపించదు. నేను అందరికీ చెప్పేది ఒకటే: ఓ పూట కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోండి. కోర్టు అందరికీ తెరిచే ఉంటుంది, ఫోన్ ఆపేసి నిశ్శబ్దంగా కూర్చుంటే ఎవరూ పొమ్మనరు. మీ కేసు లాంటిది పిలిచినప్పుడు ఎవరు లేస్తున్నారు, ఎవరికి ఫైలు తెలుసు, ఎవరు ప్రతిసారీ టైమ్ కావాలని మాత్రమే అడుగుతున్నారు, ఒక పూటలోనే తెలుస్తుంది. భూమి తగాదాకు సివిల్ చేసే ప్లీడరు కావాలి. చెక్కు కేసుకు మేజిస్ట్రేటు కోర్టులో రోజూ ఉండేవాళ్లు కావాలి. చుట్టమనో మన కులమనో పెట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఆ పని తెలిసిన మనిషా కాదా అన్నది చూడండి.

కోర్టు గేటు దగ్గర, పోలీస్ స్టేషన్ దగ్గర చేయి పట్టుకుని "జడ్జి గారు మాకు తెలుసు" అనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఏ ప్లీడరు గురించైనా అనుమానముంటే ఎన్‌రోల్‌మెంట్ నంబరు (బార్ కౌన్సిల్‌లో ఆయన నమోదు నంబరు) అడగండి, బార్ అసోసియేషన్‌లో కనుక్కోండి. అడిగితే తప్పుగా అనుకోరు.

మన ఊళ్లలాంటి చోట ఇంకో సంగతి ఉంది. ప్లీడర్లు తక్కువ, అందరికీ అందరూ తెలుసు. ఆఫీసులో కూర్చోగానే కథంతా చెప్పేయకండి. ముందు అవతలి కక్షిదారు పేరు చెప్పి, "మీరు వాళ్ల కేసులేమైనా చూస్తున్నారా అండీ?" అని అడగండి. కాదన్నాకే మీ సంగతి విప్పండి. అలాగే అవతలి పక్షం ప్లీడరు గానీ, వాళ్ల తరఫు పెద్దమనుషులు గానీ "నువ్వు కోర్టుకు రానక్కర్లేదు, మేం మాట్లాడుకుంటాంలే" అంటే నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. రాజీ మాటలు జరగనివ్వండి, వాయిదాకు మాత్రం వెళ్లండి. ఆ మాట నమ్మి ఇంటి దగ్గర ఉండిపోయి, ఎక్స్‌పార్టే డిక్రీ పడి, ఇ.పి. నోటీసుతో వచ్చినవాళ్లున్నారు. అలా వచ్చినవాళ్ల ముఖం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఫీజు విషయం మొదటి రోజే తేల్చుకోండి. మొత్తం కేసుకు ఇంతనా, దశల వారీగానా? కోర్టు ఫీజు, టైపింగ్, జిరాక్స్, మా గుమాస్తా ఖర్చు అందులో కలిసే ఉన్నాయా? వాయిదాలకు ఆయనే వస్తారా, జూనియరును పంపుతారా? ఇచ్చిన డబ్బుకు రసీదు అడగండి, లేదా ఫోన్‌పే లాంటి దాంతో పంపండి, రికార్డు ఉంటుంది. గెలిస్తే వచ్చేదాంట్లో ఇంత వాటా అన్న ఒప్పందానికి ఒప్పుకోకండి, ప్లీడరు అలా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. గెలుపు గ్యారంటీ అనేవాళ్ల దగ్గర్నుంచి లేచి రండి.

ప్లీడరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

జరిగిందంతా తేదీల ప్రకారం ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఎప్పుడు అప్పు తీసుకున్నారు, ఎప్పుడు ఎంత కట్టారు, ఎవరు చూశారు, నోటీసు ఎప్పుడు వచ్చింది, జవాబిచ్చారా లేదా. ఈ ఒక్క కాగితం ఉంటే ప్లీడరు అరగంటలో మీ కేసు పట్టుకుంటారు. దానితో పాటు సమన్లు, దావా నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదులు, ఆధార్. వాట్సాప్ మెసేజీలు ఉంటే ఫోన్ మార్చకండి, మెసేజీలు చెరపకండి. ఒరిజినల్స్ చూపించి జిరాక్సులు ఇవ్వండి. కోర్టులో వేయడానికి ఒరిజినల్ ఇవ్వాల్సి వస్తే, ఇచ్చినట్టు ఒక చీటీ మీద సంతకం తీసుకోండి.

మీకు ఇబ్బంది కలిగించే విషయాన్నే ముందు చెప్పండి. సంతకం మీదే అయితే మీదేనని చెప్పాలి. అవతలి ప్లీడరు బోనులో బయటపెట్టే దాకా మీ ప్లీడరుకు తెలియకపోతే ఆయన మిమ్మల్ని కాపాడలేరు.

వకాల్తా (మీ తరఫున కేసు చూడమని ప్లీడరుకు అధికారమిచ్చే కాగితం) మీద సంతకం పెట్టే ముందు చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. అచ్చు ఫారంలో మీ తరఫున రాజీ పడటం, కోర్టు నుంచి డబ్బు తీసుకోవడం లాంటి అధికారాలు కూడా ఉంటాయి. కేసు నంబరు, పేర్లు నింపాకే సంతకం పెట్టండి. ఖాళీ తెల్లకాగితం మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద ఎవరు అడిగినా పెట్టకండి. తర్వాత ఎప్పుడైనా ప్లీడరును మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు, మామూలుగా పాత ప్లీడరు దగ్గర అభ్యంతరం లేదని రాయించుకుంటారు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో మీ ఫైలు ఆపుకునే హక్కు ప్లీడరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది.

చెక్కు కేసులోనో పోలీసు కేసులోనో మొదటి హాజరు అయితే, "ఆ రోజు జామీనుదారులు కావాలా, ఏం కాగితాలు తేవాలి?" అని తప్పకుండా అడగండి. ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని ఇద్దరు సిద్ధంగా ఉంటే పని ఆ రోజే అయిపోతుంది. లేకపోతే సాయంత్రం దాకా ఫోన్లు చేస్తూ తిరగాలి, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కోర్టు వేరే ఊళ్లో ఉంటే ప్లీడరు కూడా అక్కడివారే అయితే మేలు. విదేశాల్లో ఉన్నవాళ్లు సివిల్ దావా కోసం ఇక్కడి మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపుతుంటారు. దానికి టైమ్ పడుతుంది, వెంటనే మొదలుపెట్టాలి.

రేపే వాయిదా, ప్లీడరు లేరు

అయినా వెళ్లండి. పది గంటలకల్లా కోర్టులో ఉండి, ముందు న్యాయ సేవాధికార కమిటీ గదికి వెళ్లి కాగితం చూపించండి. ఎవరూ దొరక్కపోతే మీ పేరు పిలిచినప్పుడు ముందుకొచ్చి నమస్కారం పెట్టి తెలుగులోనే చెప్పండి: "అయ్యా, నాకు ప్లీడరును పెట్టుకోవడానికి టైమ్ కావాలి." స్తోమత లేకపోతే "ప్రభుత్వ ప్లీడరును ఇప్పించండి" అనండి. న్యాయ సహాయం కింద ప్లీడరు కావాలని వాళ్లకు అర్థమవుతుంది. మొదటి వాయిదాకు ఇలా అడిగితే మామూలుగా టైమ్ ఇస్తారు.

క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకుంటావా అని అడిగితే, త్వరగా అయిపోతుందన్న ఆశతో అవునని అనకండి. ఒప్పుకుంటే శిక్ష వేయవచ్చు, అది రికార్డులో ఉంటుంది. చెక్కు కేసులో రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడవచ్చు. ప్లీడరుతో మాట్లాడాక చెబుతానని అనండి.

సివిల్ కేసులో ప్లీడరు హాజరైతే ప్రతి వాయిదాకూ మీరు రానక్కర్లేదు. క్రిమినల్ కేసులో ముద్దాయి రావాల్సిందే. జ్వరమొచ్చినా, ఇంట్లో చావు జరిగినా, ఆ పొద్దున్నే ప్లీడరుకు చెబితే గైర్హాజరు పిటిషన్ వేస్తారు. చెప్పకుండా మానేస్తే వారెంటు వస్తుంది. వారెంటు వచ్చిందని తెలిస్తే దాక్కోవద్దు. ప్లీడరుతో కోర్టుకు వెళ్లి దాన్ని రీకాల్ చేయమని పిటిషన్ వేయండి. మీ అంతట మీరు వచ్చారా, పోలీసులు తెచ్చారా అన్నదానికి చాలా తేడా ఉంటుంది.

పని అయ్యాక కోర్టు హాలు బయటే రెండు సంగతులు అడిగి రాసుకోండి: వచ్చే వాయిదా ఏ తేదీ, అది దేని కోసం. జవాబు దావాకా, సాక్ష్యానికా, రాజీకా? సాయంత్రమో మర్నాడో యాప్‌లో ఆ తేదీ సరిచూసుకుని, తేడా ఉంటే వెంటనే ప్లీడరుకో గుమాస్తాకో ఫోన్ చేయండి.